స్కౌటు మాష్టరుకు కృతజ్ఞత, పేదబాలునకు చేయూత

వంశధార తీరమున శ్రీకాకుళం జిల్లాలోని ఒక గ్రామమున జరిగిన బాలభటుల ప్రతిజ్ఞాస్వీకారమునకు మేము ఒకమారు వెళ్లియుంటిమి. శిక్షణ ముగించినవారు ఇరువది నలుగురని మాకు చెప్పిరి. జెండాకెదురుగా నిలిచినవారు మాత్రము పదునారుగురే. మిగిలిన ఎనమండుగురు ప్రహరీగోడ కావలినుండి తొంగిచూచుచుండిరి. కారణమడుగగా "మాకిష్టం నేదండి" అని నవ్వి తప్పించుకొనిరి. ఇష్టము లేని బాలుడు గోడప్రక్కన ఎండలో గంటసేపు నిలుచునా? సంగతి తరువాత తెలిసినది. దుస్తులు కుట్టించుటకు వారి ఇండ్లలో డబ్బు లేదు. లోపల నిలిచిన పదునారుగురిలో సయితము ముగ్గురి స్కార్ఫులు మాష్టరుగారు తన జీతమునుండి కొనియిచ్చినవే. ఈ మాట ఆయన చెప్పలేదు. ఊరి దర్జీ చెప్పినాడు.

గ్రామమున స్కౌటు దళము నిలుచుటయు, నశించుటయు తరచుగా ఈ రెండు విషయములమీదనే ఆధారపడియుండును. ఒకటి, పేదకుటుంబముపై పడు ఖర్చు. రెండవది, దళమును నడుపు స్వచ్ఛంద సేవకుని ఒంటరితనము. ఈ రెంటిని చక్కదిద్దుట పంచాయతీకి శక్తికి మించిన పని కాదు.

మన దేశమున వేర్వేరుగా నడచిన స్కౌటు సంఘములు ఏకమై 1950 నవంబరు 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ఏర్పడినది. ఆరుగురు మొదలు ఎనమండుగురు బాలురు ఒక పెట్రోలుగా కూడి, తమ నాయకుని క్రింద ముడులు వేయుట, ప్రథమచికిత్స చేయుట, ఆరుబయట వండుకొని తినుట అభ్యసింతురు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస సమీపమున తీరము దాటి ఉద్దానపు కొబ్బరి, జీడితోటలను నేలగూల్చిన సంగతి పాఠకులు మరువలేదు. అట్టి దినమున గాయమునకు కట్టు కట్టగల చేతులు ఊరిలో ఎన్ని ఉన్నను ఎక్కువ కావు. ఆ చేతులలో గోడకావలి ఎనిమిది జతలు ఉండవలదా?

ఖర్చు విషయమున ఈ ఉద్యమపు తొలిదినములలోనే చక్కని దృష్టాంతము కలదు. 1907 ఆగస్టులో బేడెన్ పవెల్ ఇంగ్లండులోని బ్రౌన్‌సీ ద్వీపమున సుమారు ఇరువదిమంది బాలురతో తొలి శిబిరము నడిపెను. వారిలో సంపన్నుల పాఠశాలలవారును, పట్టణమందలి శ్రామిక కుటుంబములవారును కలరు. సంపన్నులకు రుసుము ఒక పౌను. తక్కినవారికి మూడు షిల్లింగుల ఆరు పెన్నీలు, అనగా పౌనులో ఆరవవంతుకు కొంచెము ఎక్కువ. డేరాలును, భోజనమును అందరికి ఒకటే. చివరకు లెక్కలో ఇరువది నాలుగు పౌన్లకు పైగా లోటు రాగా, కుమారులను శిబిరమునకు పంపిన సాక్సన్ నోబుల్ అను పెద్దమనిషి దానిని పూడ్చెను. శక్తికొలది రుసుము అను పద్ధతి నేటి క్రొత్త దయ కాదనుటకు దీనిని చెప్పుచున్నాము.

మన జిల్లాలలో శక్తియొక్కటియే కాదు, కాలమును చూడవలెను. తండ్రి గుజరాత్‌లోని వేరావల్ రేవున చేపలవేటలో నుండును. లేదా హైదరాబాదులో కట్టడపు పనిలో నుండును. ఇంటికి డబ్బు ఎప్పుడు వచ్చునో తల్లికే తెలియదు. వరికోతలకు ముందు వచ్చి శిబిర రుసుమును ఒక్క మొత్తముగా ఇమ్మనుట ఆమెను అప్పునకు పంపుటయే. ఉద్దానములో జీడిపిక్కలు అమ్ముడగు వేసవిలోను, తక్కిన చోట్ల నూర్పులు ముగిసిన పిమ్మటను, రెండు మూడు వాయిదాలలో వసూలు చేసినచో అదే రుసుము భారము కాదు.

దుస్తుల సంగతి మరింత సులభము. పెరుగు వయస్సు బాలునికి ఏడాది తిరుగునప్పటికి నిక్కరు చాలదు. చాలని దుస్తులను ఉతికి పాఠశాలలో ఒక పెట్టెయందు భద్రపరచి, క్రిందివారికి ఇయ్యవచ్చును. చదరపు గుడ్డను ఐమూలగా కత్తిరించినచో రెండు స్కార్ఫులగును. పెండ్లివంటల గుండిగలు, కళ్లములో వాడు టార్పాలినులు ఏ ఊరిలో లేవు? శిబిరమునకు వాటిని అరువిచ్చినచో చాలు. గైడుల విషయమున తోడుగా వెళ్లు స్త్రీ ప్రయాణఖర్చును గూడ లెక్కలో చేర్చవలెను. లేనిచో ఆడపిల్లలను పంపరు. పంచాయతీ నిధినుండి ఏదేని వ్యయము చేయదలచినచో ముందుగా కార్యదర్శితో నిబంధనలు విచారించి, తీర్మానము చేయుట మంచిది.

ఒక హెచ్చరిక. సాయము పొందిన బాలుర పేర్లు మైకులో చదువరాదు. అట్లు చదివిన సభలు మేము చూచితిమి. ఆ బాలురు మరుసటి వారము రాలేదు. పెట్టె అందరికిని తెరచియుండవలెను. సర్పంచిగారి కుమారుడును దానినుండియే నిక్కరు తీసికొనినచో ఎవనికిని చిన్నతనముండదు. స్కౌటు నియమములలో పొదుపు ఒకటి. ఆ నియమము దళపు పెద్దలకును వర్తించును.

బాలురే శ్రమించి నిధి కూర్చుకొను పద్ధతి కూడ కలదు. దీనిని ఖరీ కమాయీ అందురు. మొక్కలు పెంచి ఇంటింటికి అమ్ముట ఇందుకు తగినది. అయితే చదువు వేళను, కూలిడబ్బు మిగుల్చుకొనుటకును రైతులు బాలురను పిలువరాదు.

ఇక మాష్టరుగారి మాట. స్కౌటు మాష్టరు సాధారణముగా ఉపాధ్యాయుడు. ఈ పనికి ఆయనకు వేరే జీతము లేదు. ఆదివారము, పండుగసెలవు దళమునకే పోవును. మన గ్రామములలో కృతజ్ఞత చూపు విధానము వింతగా నుండును: ఏడాదికొకమారు సభ చేసి, వేదికమీది పెద్దలందరికి శాలువలు కప్పుదురు, ఆ సభకు కుర్చీలు వేయించువాడు మాష్టరే! అందలి రెండు శాలువల ఖరీదుతో ఒక బాలుని దుస్తులు తయారగునేమో.

ఇంతకంటె మేలైన కృతజ్ఞత కలదు. జనవరి 26న జెండావద్ద ఆయన చేసిన పనిని పేరుపెట్టి చెప్పవలెను. "గొప్ప సేవ చేసినారు" అనుట చాలదు. "ఈ ఏడాది పదునారుగురికి కట్టుకట్టుట నేర్పినారు, చెరువున ఈత నేర్పినారు" అనవలెను. దానిని తీర్మానముగా వ్రాసి ప్రతిని ప్రధానోపాధ్యాయునకు పంపవలెను. ఆదివారములు వదలుకొనిన ఆయన ఇల్లాలిని, పిల్లలను కూడ ఆనాడు పిలువవలెను. జేబునుండి చేసిన ఖర్చును ఆయన అడుగడు గనుక మనమే అడిగి తీర్చవలెను. అన్నిటికంటె ముఖ్యము, ఆయనకు తోడు నిచ్చుట. అరసవల్లి రథసప్తమికో, పైడితల్లి సిరిమానుకో దళము సేవకు వెళ్లునప్పుడు ఇద్దరు తలిదండ్రులు వెంట వెళ్లినను ఆయన భారము సగమగును. మెచ్చుకొని, మరునాడు మరి రెండు పనులు అప్పగించు ఆచారమును మాత్రము మానవలెను.

ఉపాధ్యాయునకు బదిలీ తప్పదు. ఆయన వెళ్లిన నెలకే మూతపడిన దళములు మాకు తెలియును. మొదట చెప్పిన గ్రామమున మరుసటి ఏడాది మేము వెళ్లునప్పటికి దుస్తులపెట్టె వచ్చినది. ఎనమండుగురిలో ఆరుగురు ప్రతిజ్ఞ చేసిరి, ఇద్దరు కుటుంబములతో వలస వెళ్లిరి. మాష్టరుగారికి బదిలీ ఉత్తర్వు వచ్చియుండెను. ఊరిలో డిగ్రీ చదివిన ఒక యువకుడు దళమును చేపట్టుటకు ఒప్పుకొనగా, అతని శిక్షణకు బస్సుఖర్చును సభ్యులే చందా వేసికొనిరి. ఆనాడు స్కార్ఫులన్నియు ఒకే తానులోనివి. మాష్టరుగారు కొనిన మూడు ఏవో దర్జీకి సయితము గుర్తు లేదు.