ఆర్కిడ్ పిల్ల మొక్కలు: ఇంట్లోనే వేరు చేసి పెంచుకోవడం ఎలా?

ఈ రోజు వీడియోలో మా అక్క వాళ్ళ మేడ మీద ఉన్న డెండ్రోబియం ఆర్కిడ్ నుంచి పిల్ల మొక్కను కోసి, కుండీలో పెట్టడం చూపించాను. వీడియోలో అన్నీ వివరంగా చెప్పడానికి కుదరలేదు. అందుకే కొలతలు, సమయాలు, నేను చేసిన తప్పులతో సహా ఇక్కడ రాస్తున్నాను. చదివి, తర్వాత వీడియో చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది.

ముందుగా నా తప్పు చెప్పేస్తాను.

2019 జూన్‌లో మా అక్క వాళ్ళు హైదరాబాద్‌లో బాల్కనీ కూడా లేని ఫ్లాట్‌కి మారారు. వెళ్తూ వెళ్తూ తన ఆర్కిడ్‌ని నా చేతిలో పెట్టింది. కడియపులంక వెళ్ళి ఇష్టపడి కొనుక్కున్న మొక్క అది, సోనియా రకం. రేకుల అంచులు ముదురు వంగపండు రంగులో, లోపల తెల్లగా ఉంటాయి. "నాకు ఇల్లు కుదిరాక తీసుకెళ్తానే, అప్పటిదాకా జాగ్రత్త" అంది. నేనేమో ధీమాగా ఉన్నాను. వంగ, బెండ, బీర అన్నీ మిద్దె మీద పండిస్తున్నాను కదా, ఒక పూల మొక్క ఎంత అనుకున్నాను.

ఆ చిన్న కుండీలో బొగ్గు ముక్కలు, కొబ్బరి డొక్క ముక్కలు తప్ప ఏమీ లేవు. "పాపం, దీనికి తిండే లేదు" అనుకుని పెద్ద కుండీలోకి మార్చాను. ఎర్రమట్టి, పశువుల ఎరువు కలిపి నింపాను. కూరగాయలతో పాటు దానికీ పదిహేను రోజులకోసారి జీవామృతం పోశాను. సెప్టెంబర్‌కల్లా కాడల మీద రెండు చిన్న మొక్కలు వచ్చాయి. జీవామృతం మహిమ అని సంబరపడి అక్కకి ఫోటో కూడా పంపాను. ఇంకో నెలకి ఆకులు పసుపెక్కి రాలాయి. కుండీ తిప్పి చూస్తే వేర్లన్నీ గోధుమ రంగులో మెత్తగా, పట్టుకుంటే జారిపోయేలా ఉన్నాయి.

ఆ పిల్లలు సంతోషంతో వచ్చినవి కావు. తల్లి వేర్లు చచ్చిపోతుంటే, ప్రాణం నిలుపుకోవడానికి పైన పెట్టిన పిల్లలు అవి.

మట్టి ఎందుకు పనికిరాదు?

డెండ్రోబియం, వాండా, ఫెలనాప్సిస్ లాంటి ఆర్కిడ్లు అడవిలో చెట్టు బెరడును పట్టుకుని పెరుగుతాయి. బదనికలా చెట్టు రసం పీల్చవు, చెట్టును ఆసరాగా మాత్రమే వాడుకుంటాయి. వాటి వేర్ల చుట్టూ స్పాంజి లాంటి తెల్లటి పొర ఉంటుంది. దాన్ని వెలామెన్ అంటారు. వాన పడగానే అది నీటిని పీల్చుకుంటుంది, తర్వాత గాలికి ఆరిపోతుంది. తడవడం, ఆరడం రెండూ కావాలి. మట్టిలో పెడితే ఆరడమే ఉండదు, గాలి అందదు, వేరు కుళ్ళుతుంది.

జీవామృతం సంగతి కూడా చెప్పాలి. అది మట్టిలోని సూక్ష్మజీవులను పెంచడానికి చేసేది. అందులో పేడ, బెల్లం, శనగపిండి ఉంటాయి. మట్టే లేని కుండీలో దాన్ని చిక్కగా పోస్తే వేర్ల మీద జిగురులా పట్టేస్తుంది. జీవామృతంలో తప్పు లేదు, నేను పోసిన చోటు తప్పు.

పిల్ల మొక్క అంటే ఏది?

ఆర్కిడ్ పెంచేవాళ్ళు దీన్ని 'కేకీ' అంటారు. మనకి కేకి అంటే నెమలి, కానీ ఇది హవాయి భాష మాట. అక్కడ కేకీ అంటే పిల్ల. రణపాల ఆకు అంచున బుల్లి మొక్కలు వస్తాయి చూడండి, అలాంటిదే ఇది. డెండ్రోబియంలో కాడ మీద గణుపుల దగ్గర వస్తుంది. ఫెలనాప్సిస్‌లో పూల కాడ గణుపు దగ్గర వస్తుంది. తల్లి నుంచి పుట్టిన ముక్కే కాబట్టి పూలు కూడా తల్లి పూలలాగే ఉంటాయి.

కొత్తవాళ్ళు పొరబడే చోటు ఒకటుంది. కుండీలో మొదలు దగ్గర నుంచి వచ్చే కొత్త చిగురు కేకీ కాదు. అది అరటి పిలక లాంటిది. రేపు పూలిచ్చే కొత్త కాడ అదే, దాన్ని కోయకండి. ఇంకొకటి, గణుపు దగ్గర మొగ్గ పొడుచుకు రాగానే అది పూల కాడో పిల్లో తెలియదు. కొన్ని రోజులు ఆగండి. ఆకులు విచ్చుకుని, అడుగున వేరు కొనలు కనిపిస్తే పిల్ల. సన్నగా సాగి వరసగా మొగ్గలు కడితే పూల కాడ.

పిల్లలు వస్తున్నాయంటే సంతోషించే ముందు తల్లి వేర్లు ఒకసారి చూసుకోండి. వేర్లు కుళ్ళినా, నీళ్ళు, నత్రజని మరీ ఎక్కువైనా, కాడ చివర దెబ్బతిన్నా పిల్లలు వస్తాయి. ఒక్కోసారి ఆరోగ్యంగా ఉన్న మొక్క ముదురు కాడల మీద కూడా వస్తాయి, అప్పుడు కంగారు అక్కర్లేదు.

ఎప్పుడు కోయాలి?

నా రెండో తప్పు ఇక్కడ జరిగింది. తల్లి పోతోందన్న కంగారులో, రెండింటిలో పెద్ద పిల్లను వెంటనే కోసేశాను. దానికి వేర్లు ఇంకా అర అంగుళం కూడా లేవు. కొబ్బరి పొట్టులో పెట్టి రోజూ నీళ్ళు పోశాను. మూడు వారాల్లో ఎండిపోయింది. తాగడానికి వేరు లేని మొక్కకి ఎన్ని నీళ్ళు పోసినా ఏం లాభం?

రెండోదాన్ని కోయలేదు. అది ఉన్న కాడను చేత్తో నొక్కి చూశాను. ఇంకా గట్టిగా, ఆకుపచ్చగా ఉంది. కుళ్ళిన అడుగు భాగం కోసి పారేసి, మిగిలిన కాడను పిల్లతో సహా తడి కొబ్బరి పీచు మీద పడుకోబెట్టాను. కాడలో నీరు, ఆహారం దాచి ఉంటాయి, పిల్ల వాటితోనే బతుకుతుంది. నాలుగు నెలలు అలా ఉంచాక 2020 ఫిబ్రవరిలో వేర్లు రెండున్నర అంగుళాలయ్యాయి. అప్పుడు వేరు చేశాను, బతికింది.

కాబట్టి ఇవి గుర్తు పెట్టుకోండి:

1. కనీసం మూడు వేర్లు ఉండాలి, ఒక్కొక్కటి 2 నుంచి 3 అంగుళాల పొడవు ఉండాలి.
2. రెండు మూడు ఆకులు పూర్తిగా విచ్చుకుని ఉండాలి.
3. వేరు కొన ఆకుపచ్చగానో ఎర్రగానో మెరుస్తూ ఉంటే అది పెరుగుతున్న వేరు. అలాంటి సమయంలో కోస్తే త్వరగా అతుక్కుంటుంది.
4. తల్లి బాగుంటే తొందరే లేదు. ఇంకో రెండు నెలలు ఉంచినా నష్టం లేదు.
5. మే నెల ఎండల్లో కోయకండి. మన దగ్గర ఫిబ్రవరి, లేదా తొలకరి పడి వేడి తగ్గాక జులై బాగుంటాయి. జోరువాన తగలకుండా చూసుకోవాలి.

కోసే పద్ధతి

వేర్లు ఎండి ఉంటే పెళుసుగా విరిగిపోతాయి. అందుకే ముందు పది నిమిషాలు నీళ్ళు చల్లి తడిపి మెత్తబడనివ్వండి. బ్లేడు లేదా కత్తిని మంట మీద కాల్చి చల్లారనివ్వాలి. ఒక మొక్క తర్వాత ఇంకో మొక్క కోసేటప్పుడు మళ్ళీ కాల్చాలి. ఆర్కిడ్లకి వైరస్ తెగుళ్ళు కత్తి ద్వారా అంటుకుంటాయి, వాటికి మందు లేదు.

పిల్ల అడుగున, తల్లి కాడకి దగ్గరగా కోయండి. పిల్లను పట్టి లాగితే మొదలు చీలిపోతుంది. కాడ పాతబడి ఆకులు లేకుండా ఉంటే, పిల్లకి అటూ ఇటూ అంగుళం చొప్పున కాడ ముక్క ఉంచి కోసేయొచ్చు. నేను అలాగే చేస్తాను. కోసిన చోట రెండు వైపులా దాల్చిన చెక్క పొడి అద్దండి, బూజు పట్టదు. ఆ పొడి వేర్లకి మాత్రం తగలకూడదు, వేర్లు ఎండిపోతాయి. గాయం ఆరడానికి అరపూట నీడలో ఉంచండి.

కుండీ, మిశ్రమం

చిన్న మొక్కకి చిన్న కుండీ. 3 అంగుళాలది చాలు, పక్కల కూడా రంధ్రాలు ఉండాలి. పెద్దది పెడితే లోపల తడి ఆరదు.

కట్టె బొగ్గు ముక్కలు రెండు వంతులు, కొబ్బరి డొక్క ముక్కలు ఒక వంతు, అడుగున నాలుగైదు పెంకు ముక్కలు. ముక్కలు బఠాణీ గింజంత నుంచి ఉసిరికాయంత వరకు ఉంటే సరిపోతుంది. డొక్క ముక్కల్ని మూడు రోజులు నానబెట్టి, రోజూ నీళ్ళు మార్చాలి. మొదట కాఫీ రంగు నీళ్ళు దిగుతాయి, ఉప్పు కూడా పోతుంది. బొగ్గును కడిగి దుమ్ము పోగొట్టాలి.

పిల్లను మధ్యలో పెట్టి, వేర్ల చుట్టూ ముక్కలు సర్దండి. మొదలు పైకి కనబడుతూ ఉండాలి, పాతిపెట్టకూడదు. మొక్క ఊగితే కొత్త వేరు కొనలు ఒరుసుకుని చచ్చిపోతాయి. కొబ్బరి ఈనెను ఆసరాగా పెట్టి అరటి నారతో వదులుగా కట్టండి. వీడియోలో కట్టే విధానం చూపించాను.

నీళ్ళు, నీడ, తిండి

మొదటి మూడు వారాలు పూర్తి నీడ, గాలి ఆడే చోటు. తర్వాత 50 శాతం షేడ్ నెట్ కింద పెట్టండి. ఆకు ముదురు పచ్చగా మారితే వెలుగు చాలట్లేదని అర్థం. లేత పచ్చగా ఉంటే సరిగ్గా ఉన్నట్టు. మచ్చలు పడి మాడితే ఎండ ఎక్కువైంది.

నీళ్ళకి లెక్క ఏమిటని చాలామంది అడుగుతారు. లెక్క వేరే చెబుతుంది. వేరు తెల్లగా ఉంటే దాహం వేస్తోంది, పచ్చగా ఉంటే తడి ఉంది. తెల్లబడ్డాకే ఉదయం పూట పోయండి. వేసవిలో రోజూ పోయాల్సి రావచ్చు, ముసురు పట్టినప్పుడు వారం దాకా అక్కర్లేకపోవచ్చు. ఆకుల మధ్య చిగురులో నీళ్ళు నిలిస్తే దూదితో తీసేయండి. మే నెలలో ఒక పళ్ళెంలో గులకరాళ్ళు, నీళ్ళు పోసి, రాళ్ళ మీద కుండీ పెడతాను. కుండీ అడుగు నీళ్ళకి తగలదు, చుట్టూ గాలిలో తేమ మాత్రం ఉంటుంది.

కొత్త వేరు కొన కనిపించేదాకా ఏ ఎరువూ వద్దు. తర్వాత నేను వాడేది పలుచని గుడ్డలో రెండుసార్లు వడకట్టిన వర్మీవాష్. లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్లు కలిపి వారానికోసారి ఇస్తాను. మధ్యలో మామూలు నీళ్ళతో బాగా కడుగుతాను.

పిండినల్లి కనిపిస్తే ముందు తడిగుడ్డతో తుడవండి. ఎక్కువగా ఉంటే లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్ల వేప నూనె, కాస్త కుంకుడు రసం కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయండి. వానాకాలంలో నత్తలు రాత్రిపూట వచ్చి వేరు కొనలు తినేస్తాయి. టార్చిలైటుతో ఏరడమే మంచి మార్గం.

పాత కాడల నుంచి పిల్లలు

పూలు పూసి ఆకులు రాలిన పాత కాడలు గట్టిగా ఉంటే పారేయకండి. మూడు గణుపులు ఉండేలా ముక్కలు కోసి, చివరలకి దాల్చిన పొడి అద్ది, మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో తడి పిండేసిన కొబ్బరి పీచు మీద పరచండి. నీడలో పెట్టి, వారానికోసారి మూత తీసి గాలి తగలనివ్వండి. నేను ఆరు ముక్కలు పెడితే రెండే పిల్లలిచ్చాయి, అది కూడా మూడు నెలల తర్వాత. మిగతావి కుళ్ళిపోయాయి. ఖర్చు లేని పని, ఓపిక ఉంటే చేయొచ్చు.

గింజలు వేయకూడదా అని అడుగుతారు. ఆర్కిడ్ గింజ దుమ్ములా ఉంటుంది, లోపల ఆహార నిల్వ ఉండదు. ప్రకృతిలో ఒక రకం శిలీంధ్రం తోడుంటేనే మొలుస్తుంది. 1922లో లూయిస్ నడ్సన్ అనే శాస్త్రవేత్త పంచదార ఉన్న మాధ్యమంలో శిలీంధ్రం లేకుండా మొలిపించి చూపించాక ప్రయోగశాలల్లో పెంచడం మొదలైంది. మన ఇళ్ళలో సాధ్యమయ్యేది పిల్ల మొక్కతోనే. ఇంకొక మాట: మన తూర్పు కనుమల్లోనూ చెట్ల మీద వాండాలు, నక్కతోక లాంటి పూలగెలల ఆర్కిడ్లు ఉన్నాయి. దయచేసి వాటిని పీకి తెచ్చుకోకండి. అక్కడ తగ్గిపోతాయి, ఇక్కడ సరిగా బతకవు.

చివరిగా

పిల్ల మొక్క పూయడానికి రెండు మూడేళ్ళు పడుతుంది. మాది 2022 అక్టోబర్‌లో మొదటిసారి పూసింది. ఒకే కాడ, ఐదు పూలు. తల్లి మొక్క పోయిందని అక్కకి అప్పటిదాకా చెప్పలేదు. "ఎలా ఉందే నా మొక్క?" అని అడిగిన ప్రతిసారీ "పూత లేదక్కా" అని దాటేశాను. పూశాక ఫోన్ చేసి మొత్తం చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "రంగు అదేనా?" అంది. అదే అన్నాను.

కిందటేడు అక్క వాళ్ళు కాకినాడలో ఇల్లు తీసుకున్నారు, మేడ కూడా ఉంది. కుండీ తీసుకెళ్ళి ఇచ్చాను. ఈ వీడియోలో నేను కోసింది ఆ మొక్క పిల్లనే. కాడ మీద పిల్ల కనిపించిందని అక్కే కబురు చేసి, "వేర్లు రెండున్నర అంగుళాలు వచ్చాయి, కొలిచాను, ఇప్పుడు వచ్చి కోసుకో" అంది.

మీ మొక్కకీ పిల్ల వస్తే స్కేలు పెట్టి కొలవండి. వేరు చాలకపోతే ఆగండి.