నెట్ కనెక్షన్ అమ్మేవాళ్ళకి రేటు లెక్క

ఇంటింటికీ తిరిగి వైఫై కనెక్షన్లు అమ్మే ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్ళు గుమ్మంలో నిలబడగానే ‘నెలకి ₹399 మాత్రమే’ అంటారు. ఇంటావిడ కూర్చోమంటుంది. అప్పుడు మెల్లిగా అసలు లెక్క బయటికొస్తుంది. 18 శాతం జీఎస్టీ కలిపితే దాదాపు ₹471. ఆరు నెలలు అడ్వాన్సంటే ₹2,825. రూటర్ డిపాజిట్ వేరే. ‘మా ఆయన్ని అడిగి చెప్తాలే బాబూ’ అంటుంది. ఇక ఆ బేరం పోయినట్టే.

నెలకి 471 ఇవ్వలేక కాదు ఆవిడ వద్దన్నది, ఒకేసారి మూడు వేలు తీయలేక. 2019 సెప్టెంబరులో జియోఫైబర్ మొదలైనప్పుడు కనీస ప్లాన్ ₹699. ఏడాది తిరిగేసరికి అదే కంపెనీ ₹399 ప్లాన్‌తో పాటు 30 రోజుల ఉచిత ట్రయల్ పెట్టింది. అందరూ 399 గురించే మాట్లాడారు గానీ, నన్నడిగితే ట్రయలే పెద్ద ఎర. పిల్లలు ఆన్‌లైన్ క్లాసుల్లో ఉన్న రోజులవి. నెల్లాళ్ళు వైఫై మరిగిన ఇంట్లో దాన్ని ఎవరు పీకనిస్తారు?

అంతకుముందు, 2017 డిసెంబరులో ఏపీ ఫైబర్‌నెట్ ₹149కే టీవీ, ఫోను, నెట్ మూడూ కలిపి ఇచ్చింది. కేబులబ్బాయికి ఎలాగూ ఇచ్చే డబ్బులోనే నెట్ కూడా వచ్చేసినట్టుంటుంది. కొత్త ఖర్చని తోచకపోతే జనం అంతగా తటపటాయించరు.

కాబట్టి రేటు చెప్పేముందు, ఇంట్లో ఎన్ని ఫోన్లున్నాయో, ఏ ప్యాక్ వేస్తున్నారో అడగండి. 2024 జులైలో రేట్లు పెరిగాక జియోలో రోజుకి 1.5 జీబీ ప్యాక్ 28 రోజులకి ₹299 అయింది. మూడు ఫోన్లకి ₹897, అదీ ఏడాదికి పదమూడుసార్లు. ఇంట్లోనే ఉండే నాయనమ్మ ఫోనుకి చిన్న ప్యాక్ చాలు కదా అని మీరంటే, మిగతా లెక్క వాళ్ళే వేసుకుంటారు. అంతేగానీ ‘ఇక రీచార్జే అక్కర్లేదు’ అని మాత్రం అనకండి. బయటికెళ్ళిన మొదటి రోజే ఆ మాట తేలిపోతుంది.

ఈరోజు ఎంత కట్టాలి, వచ్చే నెల ఎంత, ఆఫర్ అయిపోయాక ఎంత... ఈ మూడూ పన్నుతో కలిపి కాగితం మీద రాసివ్వండి. నెలనెలా కట్టే వీలుంటే ముందు అదే చెప్పండి, ఆరు నెలల ప్లాన్‌కి మీ ఇన్సెంటివ్ ఎక్కువైనా సరే. చెప్పిందొకటి, బిల్లులో ఇంకొకటి వస్తే ముందు మోగేది మీ ఫోనే. ఒక టీవీ, ఒక ఆన్‌లైన్ క్లాసు ఉన్న ఇంటికి 30 ఎంబీపీఎస్ సరిపోతుంది, 100 అంటగట్టొద్దు.

మాదాపూర్, కొండాపూర్ ఫ్లాట్లలో ఇంటి నుంచే పనిచేసేవాళ్ళ దగ్గర మాత్రం ఈ పాఠం పనిచెయ్యదు. వంద రూపాయలు తగ్గిస్తామంటే వాళ్ళు చలించరు. మీటింగ్ మధ్యలో లైను తెగితే మనిషి ఎంతసేపట్లో వస్తాడని అడుగుతారు. దానికి నిజమైన జవాబు మీ టెక్నీషియన్‌ని కనుక్కుని మరీ వెళ్ళండి.