చుక్కానిలో చమురు చుక్క

కృష్ణానదిపై విజయవాడ వద్ద 1855లో ఆనకట్ట పూర్తయిన తరువాత డెల్టా కాలువలు సేద్యానికే గాక పడవల రాకపోకలకు కూడా మార్గాలైనవి. ఆనాటి పడవలో సరంగు చేత చుక్కాని కొయ్య ఉండేది. నీటి వేగం నేరుగా అతని చేతికే తెలిసేది. యంత్రపు పడవలు వచ్చిన పిమ్మట ఆ కొయ్య స్థానంలో చక్రం వచ్చినది. చక్రానికీ చుక్కానికీ నడుమ మొదట గొలుసులు, ఉక్కు తీగలు, తరువాత చమురు గొట్టాలు అమరినవి. ఈ చివరి ఏర్పాటునే హైడ్రాలిక్ స్టీరింగు అంటారు. ఇందులో చమురు కారితే దానిని కనిపెట్టి సరిచేయు విధానమే ఈ వ్యాస విషయం.

మూసి ఉన్న ద్రవంపై కలిగించిన పీడనం అన్ని దిశలకూ సమంగా ప్రసరిస్తుందని 17వ శతాబ్దపు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాస్కల్ నిరూపించాడు. మన ఉయ్యూరు చెరకు రైతు ట్రాక్టరు వెనుక నాగలిని పైకెత్తేది కూడా ఈ నియమమే. పడవలో చక్రం వెనుక ఒక చిన్న పంపు ఉంటుంది. చక్రం తిప్పినపుడు చమురు ఒక గొట్టం గుండా సిలిండరులోకి పోయి పిస్టనును నెడుతుంది. ఆవలి వైపు చమురు రెండవ గొట్టం గుండా తిరిగి వస్తుంది. పిస్టను కడ్డీ చుక్కానిని తిప్పుతుంది.

చమురు కారితే మరికొంత పోసుకోవచ్చునని చాలామంది తలుస్తారు. అసలు ప్రమాదం పోయిన చమురు వల్లకన్న, లోపలికి వచ్చిన గాలి వల్లనే ఎక్కువ. ద్రవం దాదాపు నలగదు, గాలి నలుగుతుంది. చక్రం ఒక చుట్టుకు పంపు సుమారు 28 ఘనసెంటీమీటర్ల చమురును నెట్టునదనుకొందాం. గొట్టంలో అంతే గాలి చిక్కి, పీడనం పది వాతావరణాలకు చేరిన, బాయిల్ నియమం ప్రకారం ఆ గాలి పదవ వంతుకు కుంచించుకుపోతుంది. అనగా దాదాపు ఒక చుట్టు వృథా! సరంగు చక్రం తిప్పుచునే ఉంటాడు, పడవ మాత్రం ప్రవాహంతో పోతుంది. అదుపు లేని పడవ ఏమి చేయగలదో 2024 సెప్టెంబరు వరదలో మన ప్రాంతం చూచినది. మనుష్యులు లేక కొట్టుకువచ్చిన పడవలు ప్రకాశం బ్యారేజీని ఢీకొని గేట్ల కౌంటర్ వెయిట్లను దెబ్బతీసినవి.

ఇక పరీక్ష. ముందుగా భాగాలన్నిటినీ గుడ్డతో పొడిగా తుడవాలి. పాత జిడ్డుపై కొత్త చుక్క కనబడదు; చమురు కిందికి జారుతుంది గనుక తడిసిన చోటే కారిన చోటు కానక్కరలేదు. చక్రాన్ని చివరివరకు తిప్పి అదిమిపట్టి, చక్రపు ఇరుసు, గొట్టాల కీళ్లు, సిలిండరు నుండి కడ్డీ వెలువడే చోటు చూడాలి. అట్టముక్కతో వెతకాలే గాని వేలితో తడమరాదు. అధిక పీడనంతో చిమ్మే సన్నని ధార చర్మంలోనికి దూరగలదు.

పైకి ఎక్కడా తడి లేక, చివరివరకు తిప్పిన చక్రం ఇంకా మెల్లగా తిరుగుచుంటే లోపం లోపలనే ఉన్నది. పిస్టను సీలు గాని, పంపులోని కవాటం గాని చమురును దాటనిస్తున్నది. ఈ రోగాన్ని పట్టుకోవడమే కష్టం.

కీలు వద్ద కారితే విప్పి, రబ్బరు వలయాన్ని మార్చి, తగుమాత్రం బిగించాలి. బలమంతా చూపిన మరలు చెడును. మరలకు చుట్టే తెల్లని టేపు ముక్కలు ఊడి కవాటంలో ఇరుక్కొనవచ్చును గనుక, తయారీదారు చెప్పనిచో వాడరాదు. కడ్డీ వద్ద కారితే సీలు ఒక్కటే మార్చి ఊరుకోరాదు. ఉప్పునీటి తుప్పు, గీతలు ఉన్న కడ్డీ కొత్త సీలును కూడా కోసివేస్తుంది. బ్రేకు ద్రవం పోయడం మరీ చేటు. ఖనిజ తైలానికై చేసిన రబ్బరు దానిలో ఉబ్బి చెడిపోతుంది.

పిదప గాలి తీయాలి. చక్రం వద్ద చమురు తగ్గకుండ చూచుచు, సిలిండరు మీది చిన్న మరను వదులు చేసి, బుడగలు లేని చమురు వచ్చువరకు ఒకరు మెల్లగా చక్రం తిప్పాలి. రెండవ వైపు కూడా అట్లే. మరలు మూసి, భాగాలు తుడిచి, సిలిండరు కింద తెల్లకాగితం పరచి, పడవను ఒడ్డుననే ఒక రాత్రి ఉంచాలి. మరునాడు కాగితం పొడిగా ఉండి, చక్రం కదిలిన వెంటనే చుక్కాని కదిలిన, అప్పుడు నీటిలోకి నడపవచ్చును.