చేయగలిగియు చేయని పని



గానుగలాడు దినములలో అనకాపల్లి చుట్టుపట్ల గ్రామములందు తిరుగుచు మేము తఱచు చూచు వింత యొకటి కలదు. అర్ధరాత్రము దాటినను పెనము కడ నిలిచి, పొగకు కన్నులు మండుచున్నను, పాకపు బొట్టును నీటిలో వేసి వ్రేళ్ళతో నొత్తి చూచి, దింపు సమయమును తప్పక కనిపెట్టు రైతే తెల్లవాఱినంతనే గానుగ రోలర్లను రెండు కడవల నీళ్ళతో కడుగుటకు బద్ధకించును. ఇట్టివానిని సోమరి యనుటకు మాకు నోరు రాదు. వానికి శక్తి కలదు, నేర్పు కలదు. అలవాటు మాత్రము లేదు. రోలర్లపై నిలిచి పులిసిన రసము కొత్త రసమునుగూడ చెఱుచును.

నరికిన చెరకు సంగతియు నిట్టిదే. నరికిన పిమ్మట చెరకులోని చక్కెర క్రమముగా విడిపోయి గ్లూకోజు, ఫ్రక్టోజులుగా మారుచుండును. ఎండ హెచ్చిన కొలది ఈ మార్పు త్వరపడును. ఇవి పాకమును దిమ్మకట్టనీయవు. కట్టిన బెల్లమును వానకాలమున చెమర్చి జిగురువాఱును. కావున నరికిన 24 గంటలలోపల గానుగాడవలెను. యంత్రము చెడియో, కరెంటు పోయియో జాగైనచో చెరకును నీడన కుప్పవేసి, ఎండుటాకు కప్పి నీళ్ళు చల్లవలెను. “కూలీలు దొరికిననాడే నరికించితిమి” అని కొందఱందురు. కూలీల కొఱత నిజమే, మేము కాదనము. ఆకు కప్పుటకు కూలీ యెందులకు?

పరుల తప్పులే చెప్పుట న్యాయము కాదు. మేమును ఒక యేడు పొలము పుస్తకమును ఏనాటి దానాడు వ్రాయక, నెలాఖరున జ్ఞాపకముతో నింపి, ఎరువు వేసిన తేదీని తప్పు వ్రాసి రైతుల యెదుట సిగ్గుపడితిమి.

1933లోనే ఏటికొప్పాక రైతులు సహకార సంఘముగా చేరి చక్కెర కర్మాగారమును నెలకొల్పుకొనిరి. అంతటి పనికి పూనుకొన్న ప్రాంతమువారమే ముచ్చెను చీల్చి చూడక నాటుచున్నాము! 1913లో నెలకొల్పబడిన అనకాపల్లి చెరకు పరిశోధన స్థానము ఎంత మంచి వంగడము నిచ్చినను, తెగులు సోకిన తోట ముచ్చెలు నాటినచో తెగులు వెంట వచ్చును. చీల్చిన చెరకు లోపల ఎఱ్ఱబాఱి, ఆ ఎఱుపునడుమ అడ్డముగా తెల్లని మచ్చలుండి, పులిసిన సారాయి వాసన వచ్చినచో అది ఎఱ్ఱకుళ్ళు. ఆ తోటనుండి ఒక్క ముచ్చెయు తీయరాదు, కార్శియు ఉంచరాదు.

రాబోవు సంఘసమావేశమునకు అట్టి చెరకును మేము తెచ్చి చూపెదము. సభ్యులు తమ విత్తనపు తోటనుండి నాలుగు గడలను, ఒక కత్తిని తెచ్చుకొనవలెను.