తాబేళ్ల కాపలాకు వెళ్తున్నారా? ముందు ఇవి తెలుసుకోండి

శీతాకాలం చివర నుంచి వేసవి ఆరంభం దాకా మన కోస్తా ఇసుకతిన్నెల్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. మత్స్యకారులతో కలిసి వాటిని కాపాడాలనుకునేవారు తరచూ అడిగే ప్రశ్నలివి.

ప్ర: ఎవరి అనుమతి కావాలి?
జ: ఒడ్డున నడిచి చూడటానికి సాధారణంగా అక్కర్లేదు. గూడు తవ్వాలన్నా, గుడ్లు తరలించాలన్నా అటవీ శాఖ అనుమతి తప్పనిసరి. అందుకే ఆ శాఖతో కలిసి పనిచేసే బృందంలో చేరండి.

ప్ర: గూడు కనబడితే?
జ: తాబేలు ఇసుక మీద ట్రాక్టర్ టైరు అచ్చులాంటి జాడ వదిలి వెళ్తుంది. దాన్ని చెరపకుండా, ఆ చోటు గుర్తుపెట్టుకుని అటవీ సిబ్బందికి చెప్పండి. సాధారణంగా ఒక్కో గూటిలో వందకు పైగా గుడ్లుంటాయి. పెట్టిన కొన్ని గంటల తర్వాత గుడ్డును అటూ ఇటూ తిప్పితే లోపలి పిండం చనిపోవచ్చు. తెలియని చెయ్యి పెట్టకూడదనేది అందుకే.

ప్ర: గుడ్లు తీసుకెళ్తే నేరమా?
జ: నేరమే. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం ఈ తాబేళ్లు మొదటి షెడ్యూల్ జీవులు. గుడ్లు పాడుచేసినా, గూడు కదిలించినా వేట కిందికే వస్తుంది. 3 నుంచి 7 ఏళ్ల జైలు, కనీసం 25 వేల రూపాయల జరిమానా. చచ్చిన తాబేలు డిప్పను ఇంటికి తెచ్చుకున్నా తప్పే.

ప్ర: తాబేలు పిల్లలను చేత్తో నీళ్లలో వదలొచ్చా?
జ: వద్దు. వాటంతటవే పాకి వెళ్లనివ్వండి. ఫ్లాష్ కొట్టి ఫొటోలు తీయకండి. వెలుతురు చూస్తే సముద్రం అనుకుని రోడ్డువైపు తిరుగుతాయి.

ప్ర: మత్స్యకారుల వలలో తాబేలు చిక్కితే?
జ: వల విప్పి లేదా కోసి వెంటనే వదిలేయడమే. వాళ్ల మీద నేరం మోపినట్టు మాట్లాడకండి. వల నష్టం వాళ్లదే. తీరం గురించి మీకంటే వాళ్లకే ఎక్కువ తెలుసు. జాడ చూసి గూడు పట్టడం వాళ్ల దగ్గరే నేర్చుకోండి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మర బోట్ల వేట నిషేధం. ఆ రోజుల్లో మర బోటు వేట చేస్తూ కనబడితే అధికారులకు చెప్పండి.

ప్ర: గుడ్లు దొంగిలించేవాళ్లు ఎదురైతే?
జ: కలబడకండి. 112కి గానీ అటవీ శాఖకు గానీ ఫోన్ చేయండి. అధికారులు పట్టించుకోకపోతే, 60 రోజుల నోటీసు ఇచ్చి నేరుగా కోర్టుకు ఫిర్యాదు చేసే హక్కు ఏ పౌరుడికైనా ఉంది.

సెల్ఫీ కోసమైతే రావద్దు. రాత్రంతా లైటు లేకుండా నడిచే ఓపిక ఉంటేనే రండి.