దసరా దాటాక దిగిన బేళ్లు

సమస్య

అమ్మా,

నాకు ముప్ఫై రెండేళ్లు. రాజమహేంద్రవరంలో ఒక బట్టల షోరూములో, పర్చేజ్ సెక్షన్‌లో ఎనిమిదేళ్లుగా పనిచేస్తున్నాను. నాన్న పోయిన ఏడాది మా ఇంటి పరిస్థితి చూసి యజమానిగారే పిలిచి ఉద్యోగం ఇచ్చారు. ఆ మేలు మర్చిపోలేదు.

కొనుగోళ్లకు వెళ్లేది యజమానిగారి బావమరిది. మేమంతా బాబాయిగారు అంటాం. చీర పట్టుకు చూసి ధర చెప్పేయగలరు. సూరత్ వెళ్లినా, ఈరోడ్, తిరుపూర్ వెళ్లినా ఆర్డరు మాత్రం నోటిమాటే. నాకు వాట్సాప్‌లో నాలుగు ఫొటోలు, "ఇవి చెప్పాను, చూసుకో" అని ఒక వాయిస్ మెసేజ్ వస్తాయి. ఎన్ని పీసులో, ఏ రేటుకో, ఎప్పటికి పంపుతారో ఉండదు. ఎల్.ఆర్. (లారీ రసీదు) కోసం ఏజెంట్ల వెంట పడటం, పార్సిల్ ఆఫీసు నుంచి బేళ్లు విడిపించడం, బిల్లుతో సరుకు సరిచూసి ఎంట్రీ వేయడం, బార్‌కోడ్‌లు అంటించడం నేనూ ఇంకో అబ్బాయీ చూస్తాం.

పోయిన దసరాకి ఒకే రకం చీరలు ఇద్దరు ఏజెంట్ల దగ్గర్నుంచి రెండుసార్లు వచ్చాయి. అసలు కావలసిన పిల్లల రెడీమేడ్ పండగ వెళ్లిన రెండు రోజులకు దిగింది. "వెంటపడి తెప్పించాల్సింది నువ్వు కదా" అని అందరి ముందూ అన్నారు. మూడు నెలలు జీతంలో రెండేసి వేలు కోశారు. నోరెత్తలేకపోయాను. ఇంటికొచ్చి ఏడ్చాను.

ఇప్పుడు శ్రావణం, దసరా సరుకు కోసం బాబాయిగారు మళ్లీ బయలుదేరుతున్నారు. మావారు మానేయమంటున్నారు. నాకేమో ఈ పని ఇష్టం. ఆర్డరు రాసిమ్మని అడిగితే "నాకే వ్యాపారం నేర్పుతావా" అంటారేమోనని భయం. ఏం చెయ్యమంటారు?

ఒక సోదరి, రాజమహేంద్రవరం

సలహా

తల్లీ,

మా నాన్నగారిది బట్టల కొట్టు. చీరల కోసం నేతగాళ్ల ఊళ్లకు బయలుదేరేటప్పుడు అమ్మ ఆయన జేబులో చిన్న నోటు పుస్తకం పెట్టేది. తిరిగొచ్చాక ఆ పుస్తకం అమ్మ చేతికిచ్చాకే కాళ్లు కడుక్కునేవారు. అందులో ఉన్నది అమ్మ పెద్ద పుస్తకంలోకి ఎక్కించేది. నీ ఉత్తరం చదువుతుంటే మీ కొట్టులో ఆ చిన్న పుస్తకం లేదని అర్థమైంది. ఉన్నదల్లా నువ్వొక్కదానివే. తేదీ చెప్పని ఆర్డరు ఆలస్యమైందని ఎవరిని నిలదీస్తావు? తప్పు నీది కాదు. ముందు ఆ మాట నువ్వు నమ్మాలి.

బాబాయిగారిని రాసిమ్మని అడగొద్దు. నువ్వే రాయి. ఆయన బయలుదేరే ముందు ఒక స్టాకు చీటీ చేతికివ్వు. పోయిన సీజన్లో ఏ రకం, ఏ ధరలో ఎన్ని పీసులు అమ్ముడయ్యాయి, గోడౌన్లో ఏం మిగిలింది, ఇంకా రావలసిన పాత ఆర్డర్లేమిటి అన్నవి అందులో ఉండాలి. రెండుసార్లు వచ్చిన ఆ చీరలు ఎన్ని మిగిలాయో మొదటి వరసలోనే రాయి. ఇవి నీ దగ్గర తప్ప ఎవరి దగ్గరా లేని లెక్కలు. చెయ్యి తిరిగిన మనిషికి ఇవి ఎంత అక్కరో ఆయనకే తెలుస్తుంది.

ఆయన ఊళ్లో లేనన్నాళ్లూ రాత్రి పది నిమిషాలు ఫోన్ చెయ్యి. "బాబాయిగారూ, ఈరోజు ఏమేం చెప్పారు?" అను. డిజైన్ నంబరు, పీసులు, సైజు సెట్లు, రేటు, ఏ తేదీలోగా, ఏ ట్రాన్స్‌పోర్టులో అన్నవి రాసుకుని, అదే మెసేజ్ ఆయనకీ ఏజెంటుకీ పెట్టు. ఏజెంటు "సరే" అంటే అదే ఆర్డరు కాగితం. ఒకే చీర ఇద్దరికి చెప్పి ఉంటే ఆ రాత్రే బయటపడుతుంది.

తేదీ దగ్గర ఈ ఏడాది మరీ జాగ్రత్త. 2026లో అధిక జ్యేష్ఠం వచ్చింది. 2025లో జూలై 25న మొదలైన శ్రావణం ఈసారి ఆగస్టు 13న మొదలవుతుంది. అక్టోబర్ 2న వచ్చిన దసరా ఈసారి 20న. "పోయినేడు పంపినప్పుడే పంపండి" అని నోటితో చెప్పేస్తే సరుకు పద్దెనిమిది రోజులు ముందే దిగి గోడౌన్లో కూర్చుంటుంది. చిన్న తయారీదారుకి రాతపూర్వక ఒప్పందం ఉంటే ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు కట్టాలని చట్టం. ఆగస్టు చివర్లో దిగిన సరుకుకి 45 రోజుల గడువు దసరా రాకముందే ముగుస్తుంది. అమ్మకముందే కట్టాలి. ఈ ఒక్క లెక్క యజమానిగారికి చూపించు, రాత ఎందుకో ఆయనే బాబాయిగారికి చెబుతారు. దీపావళి తర్వాత సూరత్ మార్కెట్ కొన్నాళ్లు మూసేస్తారు కాబట్టి, కార్తీకం పెళ్లిళ్ల సరుకు ముందే చెప్పుకోవాలని కూడా చీటీలో ఉండాలి. అందులోనే ఇదీ రాయి: రెడీమేడ్‌లో పీసు 2,500 రూపాయలు దాటితే జీఎస్టీ 18 శాతం, ఆ లోపైతే 5 శాతం. 2025 సెప్టెంబర్ 22 నుంచి అమల్లో ఉన్న రేట్లివి. ఆ గీతకి కొంచెం పైన ఉండే ధరల దగ్గర బాబాయిగారు ఆలోచించుకుంటారు.

ఇక జీతం మాట. నాకు కోపం వచ్చింది ఇక్కడే. నష్టాన్ని జీతంలోంచి పట్టుకోవాలంటే ఆ సరుకు నీకు అప్పగించినదై ఉండాలి, నష్టం నేరుగా నీ నిర్లక్ష్యం వల్లే జరిగి ఉండాలి, నీ మాట చెప్పుకునే అవకాశం ఇచ్చి ఉండాలి. ఆ బేళ్లు నీ చేతికి రాకముందే ఆలస్యమయ్యాయి. సెప్టెంబరులో ఏజెంట్లకు నువ్వు చేసిన ఫోన్లు, పెట్టిన మెసేజ్‌లు తేదీలతో ఒక కాగితం మీద రాసుకుని యజమానిగారిని ఒంటరిగా కలువు. "అయ్యా, మీరు చేసిన మేలు జన్మలో మర్చిపోను. ఈ ఆరు వేలు మాత్రం నా తప్పుకి పోలేదు, చూడండి" అని చెప్పు. రాజీనామా మాట ఎత్తకు. ఏడవకు. ఒకవేళ ఏడుపొచ్చినా ఆగి మళ్లీ మొదలుపెట్టు. ఆయన ఇవ్వనంటే కార్మిక శాఖ కార్యాలయం ఉంది. నేనైతే అక్కణ్ణుంచి మొదలుపెట్టను, అలాగని ఆ దారి లేదనీ అనుకోను. ఉద్యోగం ఇచ్చినందుకు రుణపడి ఉండటం మంచిదే. ఆ రుణం నువ్వు ఎనిమిదేళ్ల పనితో తీరుస్తూనే ఉన్నావు.

మీవారు నీ ఉద్యోగాన్ని వద్దనడం లేదమ్మా, నీ ఏడుపు చూడలేక అంటున్నారు. ఈ దసరా వరకు గడువు అడుగు. రాతలో అన్నీ పెట్టాక కూడా నిందా కోతా నీ మీదే పడితే అప్పుడు మానెయ్. ఎల్.ఆర్. నుంచి బార్‌కోడ్ దాకా తెలిసిన మనిషికి వేరే కొట్టు దొరుకుతుంది.

మొదటి రాత్రి బాబాయిగారు ఫోన్ ఎత్తకపోవచ్చు. రెండో రాత్రి మళ్లీ చెయ్యి. ఏమన్నారో నాకు రాయి.