కౌంటరు వెనుకనున్న మన పొరుగువాడు

పాఠ్యభాగము: ద్వితీయోపదేశకాండము 22:8, నిర్గమకాండము 21:33, 34



క్రొత్త యిల్లు కట్టువాడు దాని పైకప్పునకు పిట్టగోడ కట్టింపవలెనని ధర్మశాస్త్రము విధించెను. గొయ్యి త్రవ్వి కప్పక విడిచినవాడు, దానిలో పడి చచ్చిన యెద్దుకు వెల చెల్లింపవలెను. ఈ రెంటిలోను న్యాయమొక్కటే: అపాయము ఎవని చేతిలోనున్నదో, దానిని తప్పించు భారము వానిదే.

ఈ న్యాయమును మన అరకులోయ దుకాణములలో పెట్టి చూతము. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ డిపోలలోనేమి, సంతవీధి కిరాణా కొట్లలోనేమి, సరకు ఎత్తి దింపువారు మన బిడ్డలే. బియ్యపు బస్తా 50 కిలోలు. ఒంటరిగా నడుము వంచి లేపినయెడల ఆ బరువు వెన్నును నొప్పించును. ఇద్దరు పట్టి, మోకాళ్లు వంచి, ఒంటికి దగ్గరగా లేపినయెడల ఆ ప్రయాస తగ్గును. తలకు మించి పేర్చిన బస్తాలు, ఊగు నిచ్చెన, నేలపై ఒలికిన నూనె మన కాలపు కప్పని గోతులు.

అయితే గాయములన్నియు బరువువలన కలుగునవి కావు. అప్పు ఇయ్యనందుకు చొక్కా పట్టుకొనువారును, త్రాగివచ్చి చేయి యెత్తువారును కలరు. సరకు రాకపోవుట అమ్మువాని తప్పు కాదు. తిట్టు మాత్రము వానికే తగులును. "బేరము పోవును, ఓర్చుకొనుము" అని చెప్పు యజమానుడు, పిట్టగోడ లేని మేడమీదికి పనివానిని పంపినవాడే.

లోకమును ఈ సంగతి గుర్తించినది. పనిస్థలమందలి హింసను గూర్చి 2019లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఆమోదించిన 190వ ఒడంబడిక, బయటివారు చేయు హింసను కూడ లెక్కలోనికి తీసికొన్నది. మన దేశమున 2013 నాటి చట్టము ప్రకారము, పదిమందికి తక్కువ పనివారున్న కొట్టులోని స్త్రీ లైంగిక వేధింపును గూర్చి జిల్లా స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చును. దినమంతయు నిలిచియుండుటయు దేహమునకు హాని గనుక, కేరళ 2018లోను తమిళనాడు 2021లోను దుకాణపు పనివారికి ఆసనములుండవలెనని చట్టము చేసినవి. ఒక బల్ల వేయుటకు మనము చట్టముకొరకు కనిపెట్టవలెనా?

ఆలోచించుటకు ప్రశ్నలు

1. నా కొట్టులో కప్పని గొయ్యి ఏది? ఈ వారమే దానిని కప్పుదునా?

2. ఒకడు అమ్ముపిల్లను తిట్టుచుండగా, వరుసలో నిలిచిన నేను ఏమి చేసితిని?

3. కడపట కౌంటరు ముందు కోపముతో నేను పలికిన మాట ఏది? దానిని క్షమింపుమని ఎవరిని అడుగవలెను?